అతను "చెయ్యి" అనలేదు

జూన్ 3

జీతాలు పెంచమని అడిగాం. అంటే, అడిగింది నేను. మిగతావాళ్ళు నా వెనక నిలబడి గోడలకేసి చూశారు. సూపర్‌వైజరు నా మాటంతా విన్నాడు, తల ఊపాడు, "నువ్వు చెప్పింది న్యాయమే, కానీ..." అని ఆగాడు. పని దగ్గర "కానీ! కానీ!" అని తరుముతాడు, జీతం దగ్గరికొచ్చేసరికి "కానీ..." అని నీళ్ళు నములుతాడు. కానీగారని పేరు పెట్టింది మా మరిదే. ఇప్పుడు మా అట్టపెట్టెల ఫ్యాక్టరీ అంతా అదే పేరు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కళ్ళు మూసుకుంటే వాడి జుట్టు నా పిడికిట్లో ఉంది. అట్టల దొంతర అంచుకేసి కొడుతున్నాను. కొత్త అట్ట అంచు చాకులా ఉంటుంది. పై పెదవి చీలింది, ఒక పన్ను ఊడి నా చెప్పు మీద పడింది. ఇంకో దెబ్బ వేసేలోపు మా స్టాపు వచ్చింది, దిగిపోయాను.

నేను కోపిష్టిదాన్ని కాను. ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. రాసుకుంటే చల్లబడుతుందని రాస్తున్నాను, అంతే.

జూన్ 7

ఆదివారం. ముగ్గురం కలిసి కూర్చుని తిన్నాం. నేను కూర వడ్డించబోతుంటే మరిది గిన్నె మీదుగా ఉప్పు కోసం చెయ్యి చాచి "చెయ్యి" అన్నాడు. నా గరిట గాల్లోనే ఆగిపోయింది. ఉప్పు అందుకుని "తీశా" అన్నాడు. అప్పుడు వడ్డించాను. మా ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించలేదు. మా ఆయన మాత్రం ముద్ద చేతిలోనే పట్టుకుని, "ఏమిటర్రా ఈ మంత్రాలు?" అన్నాడు.

మరిది చెప్పాడు. ప్రెస్సులో అట్ట పెట్టేది తను, పెడల్ తొక్కేది నేను. తొక్కితే పై పలక దిగి అట్టని పెట్టె కొలతకి కోసేస్తుంది. దిగడం మొదలుపెట్టిందంటే మధ్యలో ఆగదు. ఇదివరకు దానికో జాలీ తలుపుండేది. తలుపు తెరిచి ఉంటే పెడల్ పనిచేసేది కాదు. దాన్ని తియ్యడానికీ వెయ్యడానికే టైమంతా పోతోందని కానీగారు ఊడబీకించి మరుగుదొడ్ల వెనక పడేయించాడు. ఆ రోజునుంచే మాకీ మాటలు. చెయ్యి లోపల పెట్టేముందు "చెయ్యి". బయటికి తీశాక "తీశా". ఆ రెండింటి మధ్య నా కాలు పెడల్ మీద ఉండకూడదు.

"అంటే నీ వేళ్ళన్నీ మీ వదిన కాలికింద ఉన్నాయన్నమాట," అన్నాడు మా ఆయన.

"అందుకేగా అన్నయ్యా, కూర ఎలా ఉన్నా బాగుందంటాను!"

కడుపుబ్బ నవ్వుకున్నాం. తిన్నాక మరిది మా ఆయన్ని వెనక వసారాలో స్టూలు మీద కూర్చోబెట్టి జుట్టు కత్తిరించాడు. ఆదివారం వస్తే వీధిలో సగం తలలు తన చేతిలోనే ఉంటాయి. ఎప్పటికైనా సెలూన్ పెడతానంటాడు. పెడితే నిలువుటద్దం నా వంతు అన్నాను. కత్తెర ఆడుతున్నప్పుడు ఆ వేళ్ళు చూడాలి. ఎంతసేపు చూసినా విసుగు రాదు.

జూన్ 15

పెద్ద ఆర్డరు వచ్చింది. నీళ్ళు తాగడానికి వెళ్ళినా వాడు వెంటపడి వస్తున్నాడు. జిగురు అంటించే పెద్దమ్మ ఒక పెట్టె వంకరగా అంటించిందని దాన్ని తీసి ఆమె ముఖం మీదకి విసిరాడు. తడి జిగురు కళ్ళలో పడింది. ఆమెకి వాడి తల్లి వయసుంటుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "పోనీలే అమ్మాయ్, నువ్వు ఊరుకో," అని తిరిగి నన్నే ఓదార్చింది.

జిగురు డ్రమ్ము ఎప్పుడూ పొగలు కక్కుతూ ఉంటుంది. వాడి మెడ పట్టుకుని అందులో ముంచాను. చెవులదాకా. కాళ్ళు తన్నుకున్నాయి. పైకి లాగి చూస్తే ముఖం మీద తోలు లేదు. మళ్ళీ ముంచాను. ఇదంతా పెడల్ తొక్కుతూనే. ఒక్క అట్ట కూడా పాడవలేదు.

ఇంటికొచ్చాక వంటగదిలో బొద్దింక కనబడితే చెప్పుతో కొట్టాను. అది చచ్చాక కూడా కొడుతున్నానని మా ఆయన వచ్చి చెప్పు లాక్కున్నాడు.

జూన్ 19

రక్తం అట్టలోకి ఇంకిపోతుంది. నీళ్ళలా పారదు.

జూన్ 20

వాడు నన్ను తోశాడు. వెనకనుంచి వచ్చి రెండు చేతులతో వీపు మీద తోశాడు. మరిది "చెయ్యి" అన్నాడు. నేను కాలు పైకెత్తే ఉంచాను. వాడు వచ్చి తోశాడు. కాలు పడింది.

మరిది కుడిచేతి వేళ్ళు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు. తను అరవలేదు. పలక పైకి లేచాక చెయ్యి వెనక్కి తీసుకుని, చూసుకుని, అలవాటు కొద్దీ "తీశా" అన్నాడు. ఆ తర్వాత కూలబడ్డాడు.

నా కొంగు చించి చుట్టాను. పెద్దమ్మ అట్టల మధ్య వెతికి వేళ్ళు ఏరి గుడ్డలో మూట కట్టింది. ఆస్పత్రిలో డాక్టరు ఆ మూట విప్పి చూసి మళ్ళీ కట్టేశాడు. నలిగిపోయాయి, అతకవన్నాడు. ఆ మూట నా చేతికే ఇచ్చారు. ఏం చెయ్యాలో తెలియక ఇంటిదాకా తెచ్చాను. మా ఆయన తీసుకుని ఎక్కడికో వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చాడు.

తోసింది వాడు. తొక్కింది నేను కాదు.

జూన్ 24

కానీగారు పళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు. నేను మరిది కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. నావైపు చూడకుండా మాట్లాడాడు.

"చూడు బాబూ, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడు. చెయ్యి అనడం మర్చిపోయి లోపల పెట్టానని చెప్పు. నీకు కట్టలు కట్టే పని ఇస్తా. ఎడం చేత్తో చేసుకోవచ్చు. ఆ పని నీకు ఎప్పటికీ ఉంటుంది, నాదీ పూచీ."

"అన్నాను కదండీ," అన్నాడు మరిది.

"అన్నావే అనుకో. మరి తొక్కిందెవరు? మీ వదిన. కేసు ఆవిడ మీదికి పోతుంది. ఆలోచించుకో."

పక్క బల్ల మీద పళ్ళు కోసే కత్తి ఉంది. వాడు వంగి కూర్చుంటే మెడ వెనక ఎముక స్పష్టంగా తేలి కనిపిస్తోంది. ఆ ఎముక కిందే మెత్తగా ఒక గుంట. కత్తి తీసుకున్నాను. వాడు తెచ్చిన పండే కోసి మరిది నోటికి అందించాను.

జూన్ 26

మరిదిని కొట్టాను.

"సరే వదినా, ఆయన చెప్పినట్టే చెప్పేస్తాను," అన్నాడు. నా చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు. చెంప ఛెళ్ళుమంది. తను పక్కకి ఒరిగేసరికి కట్టు కట్టిన చెయ్యి మంచం పట్టెకి తగిలింది. తెల్లటి కట్టు ఎర్రబడింది.

"నాకోసం అబద్ధం చెబుతావా? నేను అడిగానా నిన్ను?" అని అరిచాను.

"నీకోసమని ఎవరన్నారు? ఉద్యోగం కోసం. నీకంత సీను లేదు వదినా," అన్నాడు. నన్ను నవ్వించబోయాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే.

మా ఆయన నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, నా రెండు చేతులూ తన చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. డ్యూటీకి టైమవుతున్నా లేవలేదు. ఓదార్చడానికి పట్టుకున్నాడో, మళ్ళీ కొట్టకుండా పట్టుకున్నాడో.

నేను కోపిష్టిదాన్ని కాను.

జూలై 2

పొద్దున్నే జాలీ తలుపు తెచ్చి బిగించారు. తుప్పు గీకి రంగు కూడా వేశారు. ఇన్‌స్పెక్టరు దాన్ని తెరిచి, మూసి, వేలికి అంటుకున్న రంగు రుమాలుకి తుడుచుకున్నాడు. "ఆ ఒక్కరోజే రిపేరులో ఉంది సార్," అన్నాడు కానీగారు.

మరిది చేతులు కట్టుకుని నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "తప్పు నాదే సార్. నేను చెయ్యి అనలేదు."

ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. పెద్దమ్మని అడిగితే ఆమె నేలకేసి చూస్తూ, "నాకేం వినపడలేదు బాబూ," అంది. అయిపోయింది. కానీగారు ఆయనకి కూల్ డ్రింక్ తెప్పించాడు. సాయంత్రానికి తలుపు మళ్ళీ మరుగుదొడ్ల వెనక.

ఇంటికొచ్చి గాజు గ్లాసు గోడకేసి కొట్టాను. తర్వాత ఇంకోటి. ఇక గాజువి లేకపోతే ఆపేశాను. మా ఆయన ఊడ్చాడు.

జూలై 3

వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఉలిక్కిపడి తొక్కాను. రెండు చేతులతో తోశాడని రాసినట్టున్నాను. ఒక చెయ్యే అయ్యుండాలి. ఏదైతేనేం.

జూలై 8

ప్రెస్సు దగ్గర అట్ట పెట్టడానికి ఎవరూ నిలబడటం లేదు. కొత్తవాళ్ళిద్దరు వచ్చి, ప్రెస్సుని చూసి, నన్ను చూసి తోక ముడిచారు. పెద్దాఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆర్డరు ఆగడానికి వీల్లేదట. మధ్యాహ్నం కానీగారే చొక్కా చేతులు పైకి మడిచి మరిది చోటులో వచ్చి నిలబడ్డాడు.

వాడి చెయ్యి. నా కాలు.

జూలై 9

వాడికి నేను ఇన్నాళ్ళూ "ఏయ్". ఇప్పుడు అట్ట లోపల పెడుతున్నంతసేపూ "అమ్మా". "కాస్త చూసుకోమ్మా", "తొందరేం లేదమ్మా". తొందరేం లేదట! చెయ్యి బయటికి రాగానే పెద్దమ్మవైపు తిరిగి "ఏయ్, నిద్రపోతున్నావా?" అంటాడు. మళ్ళీ అట్ట అందుకుంటాడు, మళ్ళీ నేను అమ్మని.

మా ఆయనకి చెబితే, "నీ కాలికి దణ్ణం పెట్టించుకుంటున్నావన్నమాట," అని నవ్వాడు. ఆయన జుట్టు చెవుల మీదికి వచ్చింది. బయట కత్తిరించుకురమ్మంటే వినడు. తమ్ముడి చేత్తో తప్ప వద్దట.

జూలై 10

తొక్కలేదు.

జూలై 11

తొక్కలేదు. వాడి చెయ్యి లోపల ఉండగా చెప్పు విడిచి కాలి బొటనవేలు పెడల్‌కి ఆనించి చూశాను, అంతే. చల్లగా ఉంది. వాడు చూశాడు. నుదుటి మీద చెమట పట్టి ముక్కు మీదుగా కారి అట్ట మీద పడింది. తడి అట్ట సరిగ్గా తెగదని తీసి పారేశాను. వాడే ఇంకోటి తెచ్చి పెట్టాడు.

ఎముక విరిగేటప్పుడు చప్పుడు అట్ట తెగే చప్పుడులాగే ఉంటుంది. నాకు తెలుసు. ఆ చప్పుడు వాడి చేతినుంచి ఎలా వస్తుందోనని రోజంతా చెవి ఒగ్గి కూర్చున్నాను.

జూలై 14

మరిది ఈ రోజు పనిలోకి వచ్చాడు. ప్రెస్సుకి ఇటు పక్కనే కూర్చుని ఎడం చేత్తో కట్టలు కడుతున్నాడు. తాడు చివర పళ్ళతో పట్టుకుంటున్నాడు.

కానీగారు తన దగ్గరికి వెళ్ళి మా పిలుపు నేర్చుకున్నాడు. "ముందు నోరు, తర్వాత చెయ్యి. అంతేనండీ," అని మరిది ఓపిగ్గా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేర్పినవాడు పళ్ళతో తాడు లాగుతున్నాడు, నేర్చుకున్నవాడి చేతికి రాయి పొదిగిన ఉంగరం. కానీ బాగా నేర్చుకున్నాడు. ప్రతిసారీ అంటున్నాడు. గొంతు చించుకుని అంటున్నాడు. పెద్దమ్మ జిగురు దగ్గరనుంచి కిసుక్కున నవ్వింది.

భోజనాల వేళ నా పక్కకి వచ్చి, "నా నెత్తిమీదా ఒకడున్నాడమ్మా. వాడు నన్ను తిడితే నేను మిమ్మల్ని తిడతాను. నాకు మాత్రం సరదానా?" అన్నాడు. నేను డబ్బా మూత పెట్టేసి లేచిపోయాను. వాడిమీద జాలిపడే ఓపిక నాకు లేదు.

ఒక సంగతి సరిగ్గా రాసుకోవాలి. ఆ రోజు వాడు నన్ను తొయ్యలేదు. భుజం మీదా చెయ్యి వెయ్యలేదు. ఆమడ దూరంలో గుమ్మం దగ్గర నిలబడి "కానీ!" అని అరిచాడు. నా కాలు దిగింది. మరిది "చెయ్యి" అన్నది విన్నాను, "తీశా" అనలేదని కూడా తెలుసు. అయినా వాడు "కానీ" అనేసరికి దిగింది. ఏళ్ళ తరబడి ఆ మాటకి తొక్కీ తొక్కీ ఆ కాలు నాది కాకుండా పోయింది. తోశాడంటేనే బాగుండేది.

జూలై 18

అతను "చెయ్యి" అనలేదు.

జూలై 19

అతను "చెయ్యి" అనలేదు. అనకపోతే లోపల చెయ్యి లేదనే అర్థం. చెయ్యి లేదంటే తొక్కమనే అర్థం. మా పద్ధతి అది. అందరికీ తెలుసు. అతనికీ తెలుసు, నేర్చుకున్నాడు.

నాలుగు వేళ్ళు. ఉంగరం చదునై మాంసంలోకి దిగిపోయింది. అతను మాత్రం అరిచాడు. ఊపిరాడనట్టు, మళ్ళీ మళ్ళీ అరిచాడు. పలక పైకి లేచినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అలాగే చూస్తూ నిలబడ్డాడు. పెద్దమ్మే వెళ్ళి మణికట్టు పట్టుకుని బయటికి లాగింది. రక్తం ఆమె ముఖం మీదికి చిమ్మింది. ఈసారి ఆమె తుడుచుకోలేదు.

నేను కొంగు చుట్టలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే చీర మీద ఒక్క చుక్క కూడా లేదు. అన్నం వండాను. రెండుసార్లు పెట్టుకుని తిన్నాను. మరిది ముద్ద ముట్టలేదు.

అతను అనలేదు.

జూలై 22

అదే ఇన్‌స్పెక్టరు. ఈసారి తలుపు ఎవరూ బిగించలేదు. బిగించమని చెప్పేవాడు ఆస్పత్రిలో ఉన్నాడు.

"ఆయనేమో చెయ్యి అని గట్టిగానే అన్నానంటున్నారు," అన్నాడు.

"అనలేదు బాబూ," అంది పెద్దమ్మ. ఈసారి నేలకేసి చూడలేదు.

"నువ్వు ఆ పక్కనే ఉన్నావుగా?" అని మరిదిని అడిగాడు.

మరిది నావైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చేతులు కట్టుకుని, అప్పుడు చెప్పిన గొంతుతోనే చెప్పాడు. "తప్పు ఆయనదే సార్. ఆయన చెయ్యి అనలేదు."

"ఏమయ్యా, మీ ఫ్యాక్టరీలో ఎవరూ చెయ్యి అనరా?" అని ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. వెనకనుంచి ఎవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

జూలై 25

తలుపు వచ్చేసింది. కొత్తది. ఊడదియ్యకుండా వెల్డింగు పెట్టించారు. పెద్దాఫీసు మనుషులే దగ్గరుండి పెట్టించారు. మరిది వేళ్ళు పోయినప్పుడు సాయంత్రందాకా కూడా ఆగని తలుపు, సూపర్‌వైజరు వేళ్ళు పోయేసరికి గోడలా నిలబడింది.

ఇప్పుడు "చెయ్యి" అననక్కర్లేదు. అయినా కొత్తగా వచ్చిన మనిషి చెయ్యి లోపల పెట్టిన ప్రతిసారీ నేను కాలు వెనక్కి లాగేసుకుంటున్నాను.

జూలై 28

సోమవారం నుంచి, అంటే నిన్నటినుంచి, మరిదిని పనిలోకి రానివ్వలేదు. ఎడం చేత్తో కట్టలు ఆలస్యమవుతున్నాయట. పెద్దాఫీసు ఎప్పుడో తీసుకున్న నిర్ణయమని, కానీగారితో దానికి సంబంధం లేదని కొత్త సూపర్‌వైజరు చెప్పాడు. నిర్ణయం కానీగారిది కాకపోతేనేం, చెప్పిన నోరు అతనిదే.

నాకు ముందే తెలుసు. ఎలా తెలుసో ఇక్కడ రాయలేదు.

ఆగస్టు 2

ఆదివారం. మా ఆయన జుట్టు మెడ మీదికి దిగి, డ్యూటీలో పైవాడు తిట్టాడట. కత్తెర తెచ్చి మరిది ముందు పెట్టాడు. "ఎడం చేత్తో కానివ్వు. పాడైతే టోపీ ఉంది," అన్నాడు. మరిది కాసేపు వద్దన్నాడు, తర్వాత లేచాడు. వసారాలో అదే స్టూలు. నేను గుమ్మంలో కూర్చున్నాను.

మొదట మెట్లు మెట్లుగా వచ్చింది. తర్వాత కాస్త కుదిరింది. చెవి వెనక కత్తిరిస్తూ కత్తెర జారి కొంచెం తెగింది, సన్నగా రక్తం వచ్చింది. మా ఆయన ఉలిక్కిపడి అరచెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, "చెయ్యి! చెయ్యి!" అన్నాడు. సరదాకే అన్నాడు, నవ్వుతూ.

మరిది కత్తెర అక్కడే ఆగిపోయింది. గాల్లో, నోరు తెరిచినట్టు. మా ఆయన చెవి తుడుచుకుని, వేలు చూసుకుని, తీరిగ్గా "తీశా" అనేవరకూ కదల్లేదు. అప్పుడు మరిది తలెత్తి నావైపు చూశాడు. తిట్టే చూపు కాదు. తిట్టినా బాగుండేది.

"ఏమిటర్రా ఇద్దరూ అలా అయిపోయారు? తెగింది నా చెవి!" అన్నాడు మా ఆయన.

లేచి లోపలికి వచ్చాను. తలుపు వేసుకున్నాను.

అనలేదని ఎన్నిసార్లు రాసుకున్నా నిజమైపోదు. ఆ రోజు కానీగారూ అన్నాడు.

అట్ట సర్దుతూ, నా ముఖం చూడకుండా, "మీ మరిదిని ఇరవయ్యేడో తారీకు సోమవారం నుంచి రావద్దని చెప్పమ్మా, పైనుంచి మాట వచ్చింది," అన్నాడు. ఆ తర్వాత మరిది నేర్పినట్టే, ముందు నోరు, తర్వాత చెయ్యి. "చెయ్యి" అన్నాడు. గట్టిగా అన్నాడు. ప్రెస్సు ఆగి ఉంది, ఏ చప్పుడూ లేదు. నన్ను నమ్మి లోపల పెట్టాడు.

నేను "కానీ" అన్నాను.